చినగాల్సిన చీర

చీర చినగలేదు.

ఓబులేష్ కాళ్లు ఆడించి బరువంతా కిందికి వేశాడు. నడుముకు కట్టుకున్న ఎర్ర నూలు చీర ఇంకా బిగిసింది గానీ చినగలేదు.

ఓర్వకల్లు రాళ్ల పక్కనున్న పార్కులో ఎండాకాలం సెలవులకు పెట్టిన సినిమా పండగ అది. రోజూ సాయంత్రం ఒకే ఆట. సిమెంటు కొండ అంచు నుంచి హీరో చీరకు వేలాడాలి. పైనున్న విలన్ గుంజాలి. ముందే అడ్డంగా కత్తిరించి, పైపైన కుట్టిపెట్టిన చోట చీర పుటుక్కున తెగాలి. హీరో కింద కట్టిన వలలో పడాలి. ఆ వెంటనే, అతను వేలాడిన చోటే కొండలోంచి మంటలు లేస్తాయి.

"గట్టిగా గుంజన్నా!" అన్నాడు ఓబులేష్ పళ్ల బిగువున.

విలన్ వేషంలో ఉన్న బొజ్జన్న చెమటలు కక్కుతూ గుంజాడు. "గుంజుతానే ఉండా. చినగల్యా! యేం చేసినావురా దీన్ని?"

"నేనేం చేస్తా? రాత్రి ఇంట్లో ఎప్పట్లానే పైపైన కుట్టినా. మధ్యాన్నం నుంచి చీర సంచి నీ గదిలోనే గదా ఉండేది!"

కిందటేడు హీరో వేషం బొజ్జన్నదే. పొట్ట పెరిగిందని మేనేజరు ఈసారి మీసాలు అతికించి విలన్ని చేశాడు. ఆ కసి ఇట్లా తీర్చుకుంటున్నాడన్నమాట! ఓబులేష్‌కు ఒళ్లు మండిపోయింది.

డప్పు మొదలైంది. ఎనిమిదో దెబ్బకు మంటలు వాటంతటవే లేస్తాయి. ఆపమని అరిచినా ఆ మోతలో వినే నాథుడు లేడు.

ఒకటి. రెండు. ముడి విప్పబోయాడు. బరువుకు అది రాయిలా బిగుసుకుపోయింది.

మూడు. జనం ఈలలు వేస్తున్నారు. ముందు వరసలో తల్లి సుబ్బక్క కనిపించింది. నిన్న మొదటిసారి ఆట చూసి, కొడుకు పడిపోగానే గుండెలు బాదుకున్న మనిషి. కింద వల ఉంటుందని, దెబ్బ తగలదని ఇంటికెళ్లాక అతను నచ్చజెప్పాడు. ఇవాళ నింపాదిగా కూర్చుని ఉంది. ఆమె కళ్లముందే కాలిపోతానేమోనని ఓబులేష్‌కు ఏడుపొచ్చింది.

నాలుగు. ఐదు.

"కాళ్లు పైకి ముడ్సుకోరా!"

బొజ్జన్న అడ్డమొస్తున్న అట్ట కత్తి అవతల పారేశాడు. మడమలు నేలకు తన్నిపెట్టి, చీరను మూరలు మూరలుగా పైకి లాగసాగాడు. ఏడో దెబ్బకు ఓబులేష్ చేతులు అంచుకు అందాయి. ఎనిమిదో దెబ్బకు కింద భగ్గుమంది. బూటు అడుగు కమిలింది, అంతే.

విలనే హీరోను కాపాడేసరికి జనం ఒక్క క్షణం బిత్తరపోయి, ఆ తర్వాత చప్పట్లు కొట్టారు.

కొండ వెనక మెట్లు దిగీ దిగగానే ఓబులేష్ బొజ్జన్న చొక్కా పట్టుకున్నాడు. "నన్ను సంపాలనుకున్నావా?"

"సంపేవాన్నయితే పైకెందుకు గుంజుతానప్పా? ముందు దీన్ని చూడు."

కత్తిరించిన చోటు కోసం ఇద్దరూ చీరంతా వెతికారు. కత్తెర ఆనవాలే లేదు. ఓబులేష్ గుడ్డను వెలుతురుకు పట్టి, వేలితో మెల్లగా తడిమాడు. మగ్గం మీద తెగిన నూలు అతికినట్టు, అడ్డంగా ఈ కొస నుంచి ఆ కొస దాకా సన్నటి అతుకులు. పార్కులో అంత ఓపిక, అంత పనితనం ఎవరికుంది? అతనికి బొజ్జన్న మీది కోపం దిగిపోయింది.

అప్పుడే సుబ్బక్క జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"నిన్న నేను నేసిన చీర చినిగి ఇంతమందిలో నిన్ను పారేసె గదప్పా, నాకు తల కొట్టేసినట్లాయ. పొద్దన్నే కూసోని పోగు పోగూ అతికినా. ఈ పొద్దు యెట్ల పట్టుకునిందో చూస్తివా?"