కొమ్ముల గిటారు

ఆ శనివారం పొద్దున శామీర్‌పేటలో మా ఇంటి ప్రార్థన ముగించి, చాయ్ పొయ్యి మీద పెట్టి, నాయిన డోలక్‌ను ఎప్పటిలాగే ఎండలో ఉంచాను. తోలు బిగుసుకుంటేనే చర్చిలో గట్టిగా మోగుతుంది.

అప్పుడే కొంపల్లి నుంచి తమ్ముడు జాన్సన్ ఎర్రటి ఎలక్ట్రిక్ గిటారుతో దిగాడు. స్ట్రాటోకాస్టర్ అనే రకమట. మా చర్చిలో గిటారు వాయించాలని వాడికి చిన్నప్పటి నుంచీ కోరిక. సంఘపెద్ద నాయినే కాబట్టి ఆయన ఒప్పుకోవాలి.

నాయిన దాన్ని కిందికీ మీదికీ చూశాడు. "ఏందిరా, రెండు కొమ్ములున్నయ్? సైతాన్‌ను చర్చిలకు తెస్తవా?"

"కొమ్ములు గాదు నాయినా. మెడ మీద కింది చివరి మెట్లదాకా వేళ్లందాలని గాడ చెక్క తీసేసిన్రు. డెబ్బై ఏండ్ల సంది గిదే అచ్చు."

"సైతాన్‌కు అంతకన్నా ఎక్కువ ఏండ్లే."

"బైబిల్ల బలిపీఠానికి నాలుగు కొమ్ములుండె గద నాయినా," అన్నాను, చాయ్ అందిస్తూ.

జాన్సన్ గిటారుకు కరెంటు తీగ తగిలించి, స్పీకర్ పెట్టి ఒక పాట ఎత్తుకున్నాడు. నాయిన డోలక్ తెచ్చుకుని జత కలిపాడు. ఆయన చేతులు ఆడుతున్నాయి గానీ గిటారు మోతలో దరువు మాకు వినపడలేదు.

సాయంత్రం అందరం కూర్చుని నిర్ణయించాం. కొమ్ములతో పేచీ లేదు, గిటారు చర్చికి రావచ్చు. కరెంటు తీగ మాత్రం ఇంట్లోనే ఉండాలి.

"కరెంటు లేకుంటే గది దోమంత గూడ మోగది. ఎవలకు వినపడతది నాయినా?" అన్నాడు జాన్సన్.

"దేవునికి వినపడతది బిడ్డా," అన్నాడు నాయిన, డోలక్ మీద చెయ్యి వేసి.