మౌనం మాస్టారి వైరు

డాబా మీద ఆరేసిన కొత్త గౌను వైరుకు తగులుకుని చిరిగింది.

టైలరమ్మకు చిర్రెత్తుకొచ్చింది. మర్నాడు పొద్దున్నే ఇవ్వాల్సిన గౌను. మరక పడితే కడిగి ఆరేసింది, అంతే. చిరిగిన గౌను పట్టుకుని తిన్నగా పైగదికి వెళ్లింది.

పైగదిలో అద్దెకున్నది మౌనం మాస్టారు. ఆయన మాస్టారూ కాదు, పేరూ అది కాదు. మాటలు రావు. ఎండల్లో కూడా మెడకు మఫ్లరు చుట్టుకుని, డాబా మీదికి ఏరియల్ వైరు కట్టిన రేడియో సెట్టు బల్ల మీద పెట్టుకుని, ఒక చిన్న మీటను వేలితో టకటకా నొక్కుతూ కూర్చుంటాడు. పుట్టుమూగ అని వీధంతా అనుకుంది. వీధి ఒకటి అనుకున్నాక ఇంక అడిగేదేముంది?

"మాస్టారూ, సాయంత్రానికి ఆ వైరు తీసేయండి."

ఆయన పలక అందుకుని రాశాడు: "వానాకాలం పోయేదాకా ఆగమ్మా."

"వైరుకీ వానకీ ఏం సంబంధమండీ?"

"మబ్బు, గాలి, కాలవలో నీళ్లు ఇక్కణ్నుంచి చూసి రేడియోలో మిగతా ఊళ్లకి చెబుతుంటాను. నాలాంటివాళ్లు ఊరూరా ఉన్నారు."

"అందరి చేతుల్లో ఫోన్లుండగా ఈ టకటకలెందుకు?"

"గాలివానకి ముందు చచ్చేది ఫోనే."

టైలరమ్మకు నవ్వొచ్చింది. నవ్వాక కోపం నిలబడలేదు. గుమ్మంలోనే చతికిలబడింది.

"అదీ నిజమేలెండి. పెద్ద వరదప్పుడు మాకూ రేడియోనే దిక్కయింది."

ఆ కథ ఆమె చెప్పని మనిషి లేడు. బట్టలివ్వడానికి వచ్చినవాళ్లకు కొలతలు తీస్తూనే చెప్పేది. అయినా చెప్పిన ప్రతిసారీ ఆమెకది కొత్తే.

అప్పుడు కొత్త కాపురం. నిండు నెలలు. మొగుడు లారీ మీద ఎక్కడున్నాడో తెలియదు. చుట్టూ నీళ్లు. బడి మేడ మీద ఆమె, మరికొందరు ఇరుక్కుపోయారు. సైన్సు టీచరు దగ్గర బ్యాటరీతో నడిచే సెట్టు ఒకటుంది. అందులో అవతల్నుంచి ఒక గొంతు. పడవ వచ్చేదాకా ఆ గొంతు ఆమెను ఒంటరిగా వదల్లేదు. నీళ్లు ఎన్నో మెట్టుకొచ్చాయని అడిగింది. బిడ్డకు ఏం పేరనుకున్నారని అడిగింది. అంత భయంలోనూ నవ్వించింది.

"'ఏడవకు తల్లీ, నేనెక్కడికీ పోను' అనేవాడు. ఆ మాట పట్టుకునే బతికాను మాస్టారూ. ఎవరో, ఏ ఊరో తెలీదు. ఇప్పటికీ రేడియోలో ఎవరు మాట్లాడినా నా చెవి అటే పోతుంది. ఆయన కాదు కదా అని."

ఆయన పలక తుడిచి, నెమ్మదిగా రాశాడు: "దొరికితే ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను? కళ్లు మూసుకుని ఆ గొంతు ఇంకొక్కసారి వింటాను. అంతకంటే నాకేం అక్కర్లేదు."

ఆయన సుద్దముక్క తీశాడు. ఏమీ రాయలేదు. తల వంచుకుని పలక అంచు మీద వేలితో టకటకా కొడుతూ ఉండిపోయాడు.

ఇంత మనసు విప్పి చెబుతుంటే ఈయనకు విసుగన్నమాట, అనుకుంది టైలరమ్మ. మనసు చివుక్కుమంది. "వైరు ఉండనివ్వండి," అనేసి మెట్లు దిగింది. మళ్లీ పైకి వెళ్లలేదు.

వానలు ముదిరాక ఒకరోజు ఆయనే దిగొచ్చి తలుపు తట్టాడు. పలక మీద పెద్ద అక్షరాలు: "ఎగువ ఊళ్లో కాలవ పొంగింది. మిషన్లు ఎత్తు మీద పెట్టించు."

చూస్తే ఆకాశంలో అంత మబ్బేం లేదు. అయినా ఆయన ఇంటింటికీ పలక చూపించుకుంటూ పోతుంటే, ఎందుకొచ్చిన గొడవలే అని అందరూ సామాన్లు సర్దారు. సాయంత్రానికి వీధిలో మోకాళ్ల లోతు నీళ్లు. ఫోన్లు పనిచెయ్యలేదు. పైగదిలో టకటకలు మాత్రం ఆగలేదు.

మిషన్లు దక్కాయి. వెళ్లి ఒక మంచిమాట చెప్పి రావాలనుకుంది టైలరమ్మ. ఇవాళా రేపూ అనుకుంటూ ఉండగానే ఆయన ఆస్పత్రిలో చేరాడు. ఇక తిరిగి రాలేదు.

వైరు దింపించడానికి ఆయన రేడియో స్నేహితురాలు వచ్చింది. నెరిసిన జుట్టు, భుజాన సంచి.

టైలరమ్మ కుర్చీ వేసి, మళ్లీ మిషన్ తొక్కుతూ అంది, "మంచాయనండీ. పాపం, పుట్టుమూగ..."

"పుట్టుమూగా? ఎవరన్నారమ్మా?" ఆవిడ విస్తుపోయింది. "ఆయన మాట్లాడుతుంటే మాకు సెట్టు కట్టెయ్యబుద్ధయ్యేది కాదు. గొంతుకి ఆపరేషనయ్యాక మాట పోయింది. అప్పట్నుంచీ అన్నీ ఆ మీట మీదే, అక్షరానికో రకం టకటక. మనసులో మాట బయటికి రాకపోతే కుర్చీ మీదో, కంచం మీదో వేలితో కొట్టేసేవాడు."

టైలరమ్మకు పలక అంచు గుర్తొచ్చింది.

"ఈ వానలు మొదలైనప్పట్నుంచీ ఒకటే గోల," ఆవిడ సంచిలో చెయ్యిపెట్టింది. "నా పాత గొంతు ఎవరైనా రికార్డు చేసి ఉంచారా, ఒకళ్లకి వినిపించాలి, అని రోజూ అందర్నీ అడిగేవాడు. ఆ రోజుల్లో మాలో ఒకాయన విన్నదల్లా క్యాసెట్లకెక్కించేవాడు. అటకంతా వెతికితే ఒకటి దొరికింది. చేతికిద్దామని బయల్దేరేలోపే..." ఆవిడ కళ్లు తుడుచుకుంది. "ఎవరికి వినిపించాలో చెప్పనే లేదమ్మా. మీకేమన్నా తెలుసా?"

టైలరమ్మ తిరుగుతున్న మిషన్ను చేత్తో ఆపింది.

ఆవిడ చిన్న టేప్‌రికార్డరులో క్యాసెట్టు పెట్టి మీట నొక్కింది.

టైలరమ్మ కళ్లు మూసుకుంది.

కాసేపు వాన హోరులాంటి గరగర వినిపించి, ఆ గరగరలోంచి మౌనం మాస్టారు, "ఏడవకు తల్లీ, నేనెక్కడికీ పోను," అన్నాడు.