కాపలా లేని అడవి

దేశంలోని అభయారణ్యాలన్నీ లెక్క తేలాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాని కోసం లెక్కలమ్మ తెల్లవారకముందే బస్సెక్కి, ఒళ్ళు హూనం చేసుకుని, దేశం చివరనున్న ఈ ఊళ్ళో దిగింది.

ఆఫీసులో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ప్రాంతాలవారీగా ఏ అడవి ఏ వర్గంలోకి వస్తుందో తేల్చడం ఆమె పని. జంతువుల కోసం కేటాయించినవి, పక్షుల కోసం కేటాయించినవి, జనం చూసిపోవడానికి తెరిచి ఉంచినవి, మనిషి అడుగే పెట్టకూడనివి. ఈ అడవి దేన్లోనూ ఇమడలేదు. పెద్దసారు ఇప్పటికే రెండుసార్లు లెక్క తిప్పి పంపారు. ఈ సాయంత్రానికి తేలకపోతే ఆమె కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారని కూడా చెప్పేశారు.

ఆమె చిరాకు ఊరికే వచ్చింది కాదు. మిగతా చోట్ల కాపలావాళ్ళు పెరిగేకొద్దీ చెట్లు తరుగుతున్నాయి. కంచే చేను మేస్తోంది. ఇక్కడ చూస్తే కాపలావాళ్ళు సున్నా, దొంగతనాలు సున్నా, అడవి మాత్రం ఏటేటా చిక్కబడుతోంది. ఎవరి చెవిలో పూలు పెడుతున్నారు?

దానికి తోడు బస్సు దిగుతుంటే చెప్పు తెగింది. ఎదురుగా చెప్పుల దుకాణం కనిపిస్తే వెళ్ళింది.

“ఒకటివ్వమంటారా, రెండూనా?” అడిగాడు దుకాణదారు.

“నాకెన్ని కాళ్ళున్నాయనుకుంటున్నావు నాయనా?”

అతను నవ్వలేదు. వంగి ఆమె పాదాలు చూసి, రెండూ తీసిచ్చాడు. దిక్కుమాలిన ఊరు, వేళాకోళం కూడా సరిగ్గా చెయ్యరు అనుకుంది.

ఊరి చివర, అక్కడ అటవీశాఖకున్న ఒకే ఒక్క మనిషి, రేంజరు ఎదురొచ్చాడు. నెరిసిన మీసాలు, నిదానంగా మాట. ఆమెకేమో నిదానించే తీరిక లేదు.

“లోపల ఏమేం జంతువులున్నాయి?”

“తెలీదమ్మా. లోపలికెవరూ వెళ్ళరు.”

“మీరు?”

“అమ్మో, నేనా!”

“మరి జీతం దేనికి తీసుకుంటున్నట్టు?”

“అది కాదమ్మా, ఇక్కడి సంగతి మీకు తెలిసే ఉంటుంది...”

“సంగతులు తర్వాత. చెట్లు కొట్టిన కేసులు?”

“ఒకప్పుడు కొట్టేవాళ్ళు. ఇప్పుడు పొయ్యిలోకి పుల్ల కావాలన్నా పక్క ఊరినుంచే తెచ్చుకుంటున్నారు.”

“మీరంటే అంత భయమా?”

“నేనంటే ఎవరికమ్మా భయం? మా ఆవిడకే లేదు.”

ఆమెకు ఒళ్ళు మండింది. పొద్దుటినుంచీ ఒక్క ప్రశ్నకూ తిన్నగా జవాబు లేదు. అతనికీ విసుగొచ్చినట్టుంది. “ఎండన పడి వచ్చారు, ముందు టీ తాగుదురుగాని. ఈ రోడ్డు మీదే ఉండండి, తెస్తాను” అని వెళ్ళాడు.

రోడ్డు పక్కనే అడవి. మధ్యలో ఉన్నదాన్ని కంచె అనడానికి కూడా లేదు, మోకాలెత్తున తుప్పు పట్టిన తీగ. దానికి వేలాడుతున్న రేకు మీద రాతలు ఏనాడో చెరిగిపోయాయి. మేకలన్నీ ఇవతలే, పొట్టి తాళ్ళతో కట్టేసి ఉన్నాయి. అవతల గొడ్డలి వేటు లేదు, సిగరెట్ పీక లేదు, ప్లాస్టిక్ సంచి లేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇలాంటి అడవిని ఆమె చూడలేదు. కోపమంతా ఎటు పోయిందో, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఫోన్ మోగింది. పెద్దసారు.

“తేలిందా, లేదా?”

“తేలింది సార్. మనిషి అడుగు పెట్టని వర్గం. ఫొటో పంపిస్తాను, మీరే చూడండి.” మాట్లాడుతూనే తీగ దాటి, లోపలున్న పెద్ద చెట్టుదాకా నడిచింది. “వీళ్ళేం చేస్తున్నారో గానీ సార్, ఈ పద్ధతే దేశంలోని అడవులన్నిటిలో పెట్టించాలి!”

వెనక గాజు గ్లాసులు పగిలిన చప్పుడైంది. రేంజరు తీగకు ఇవతలే ఆగిపోయాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

“మళ్ళీ ఏమిటి?” అని కసిరింది. “ఈ నాలుగడుగులు వెయ్యడానికి కూడా బద్ధకమేనా?”

“ఎక్కడ అడుగేశావో సరిగ్గా అక్కడే అడుగేసుకుంటూ వెనక్కి వచ్చెయ్ తల్లీ,” అన్నాడు రేంజరు, చంటిపిల్లతో మాట్లాడినంత మెల్లగా, “యుద్ధంలో పాతిన మందుపాతరలు ఇంకా ఒక్కటీ తీయలేదు.”