మెడపట్టీ

పేరు చదవగానే ఆమె కుంచె పక్కన పడేసింది.

రేపు అచ్చుకు వెళ్లాల్సిన వ్యాసం అది. ఆకుల రసం పీల్చి బతికే నల్లుల్లో ఆమె భర్త కొత్త ప్రజాతిని కనిపెట్టాడు. మామూలు విషయమా! కొత్త జాతి దొరికితే ఒక ఇంట్లో ఇంకో బిడ్డ పుట్టినట్టు. కొత్త ప్రజాతి అంటే ఇంటిపేరే కొత్తది. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన దానికోసం కలవరించాడు, దొరక్కుండానే రిటైరయ్యాడు.

ఆయన కళ్లు మసకబారాక మైక్రోస్కోపు ముందు ఆమే కూర్చుంటోంది. చూసేదీ ఆమే, గీసేదీ ఆమే. ఆ బొమ్మలు పెద్దవి చేయించుకుని, వాటిని బట్టి ఆయన చెబుతుంటే మొన్న మొన్న చేరిన సహాయకురాలు టైపు చేస్తుంది.

ఆ టైపు చేసే పిల్ల పేరే ప్రజాతికి పెట్టాడు. చివర లాటిన్ తోక తగిలించి మరీ.

"ఇదెవరి పేరండీ?" తెలిసే అడిగింది.

"చిన్నపిల్ల, కాస్త హుషారొస్తుందని పెట్టాను. నీ పేరు పెట్టడానికి నువ్వేమన్నా బయటిదానివా?"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన పురుగులకు కాళ్లూ మీసాలూ గీస్తూనే ఉంది. ఆయన ఏ పుస్తకంలోనూ ఆమె పేరు వేయలేదు, ఆమె అడగనూ లేదు. ఈ ఒక్కదానికి మాత్రం తన పేరు పెడతాడని గంపెడాశ పెట్టుకుంది. ఇన్నేళ్లూ కాపురం చేసింది ఈ మనిషితోనా అనిపించింది.

ఆయనకవేమీ పట్టలేదు. బొమ్మను కళ్లకు ఆనించుకుని మురిసిపోతున్నాడు. తల వెనక, మెడ చుట్టూ సన్నటి పట్టీ. దగ్గరి చుట్టాలైన నల్లులు వేటికీ అది లేదు. కొత్త ప్రజాతి మొత్తం ఆ పట్టీ మీదే నిలబడింది.

"మ్యూజియం పెద్దాయనకు ఈ బొమ్మలు సరిపోతాయంటావా?" అన్నాడు.

ఆ పెద్దాయన ఒప్పుకుంటేనే వర్గీకరణలో దానికి చోటు. వంకలు పెట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు. నల్లినే చూపించమని ఎన్నోసార్లు అడిగాడు. దొరికింది ఒకే ఒక్కటి, దారిలో విరిగితే మళ్లీ దొరకదని ఇన్నాళ్లూ అడ్డుపడింది ఆమే.

"బొమ్మలెందుకు? నల్లినే పంపిద్దాం. కళ్లారా చూసుకుంటాడు," అంది.

ఆయన పొంగిపోయాడు. నీకున్న ధైర్యం నాకు లేదు సుమా అని మెచ్చుకున్నాడు కూడా.

సూదికి గుచ్చిన నల్లిని చిన్న పెట్టెలో నిలబెట్టింది. కదలకుండా చుట్టూ దూది కూరింది. కొరియర్ మనిషి చేతికి స్వయంగా అందించి, వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడింది.

సొంత ప్రజాతి లేకుండానే పోతానేమోనని ఆయన కన్నీళ్లు పెట్టుకున్న రోజున, చూడలేక, ఆమె కుంచె కొసతో గీసిచ్చిన ఆ పట్టీ పెట్టెలో వెళ్తున్న నల్లికి లేనే లేదు.