మాటకో మీట

తెరలు పోయాయి, వాటితోపాటు తెరిపీ పోయింది. కళ్ళు పాడవుతున్నాయని ఇళ్ళలో టీవీ, కంప్యూటర్ తెరలన్నీ పీకేశాక, ఏ రాతనైనా గోడే చదివి వినిపిస్తోంది. దాని మాట కదలాలన్నా, ఆగాలన్నా మెడలో వేలాడే పలక మీద మీట నొక్కాలి.

పాండురంగారావుకి మీటలు గుర్తుండవు. పొద్దున్నే అత్తగారు సువర్చలమ్మ ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతుంటే, వార్తలు విందామని ఏదో నొక్కాడు. గోడ వార్తలు మానేసి, అతను తోడల్లుడికి రాసిన ఉత్తరం అందుకుంది.

“అన్నగారూ, అత్తయ్యగారి గురకకి మా పైకప్పు పెచ్చులూడుతోంది...”

కంగారుగా ఇంకో మీట నొక్కాడు. గోడ నెమ్మదించింది.

“ఈ... ఆదివారం... ఎలాగైనా... మీ ఇంటికి... తీసుకుపోండి...”

మరోటి నొక్కాడు. గొంతు వీధి చివరిదాకా పెరిగింది. ఇంకోటి నొక్కితే ఉత్తరం మొదటికొచ్చింది.

“నొక్కింది చాలు, ఆపండి!” వంటింట్లోంచి అరిచింది భార్య నీలవేణి.

“ఆపడానికే నొక్కుతున్నానే తల్లీ!”

సువర్చలమ్మ కప్పు దించి, అల్లుడి పలక మీద మూలనున్న మీట ఒక్కటి నొక్కారు. గోడ నోరు మూసుకుంది.

“ఆపడం కూడా రాకుండా ఎలా బతుకుతున్నారు అల్లుడుగారూ?” అన్నారు జాలిగా. “ఇవాళే బయల్దేరదామని పెట్టె సర్దుకున్నాను. మిమ్మల్నిలా గోడపాలు చేసి ఎలా వెళ్ళను? మీటలన్నీ వచ్చేదాకా నేర్పుతాను. నీలా, ఆ పెట్టెలో బట్టలు మళ్ళీ బీరువాలో సర్దమ్మా!”