డబ్బాకు తొట్టెల

మొదటి స్పీడ్ బ్రేకర్‌కే డబ్బా ఒరిగింది. మూత ఊడింది. లోపలున్నది జిగటగా, నల్లగా సీటు మీదికి పాకింది.

భూపాల్ కారు ఆపి, ముక్కు మూసుకొని బయటికి దిగాడు.

"గంజే తమ్మీ," అంది వెనక సీట్లోంచి యేసమ్మ. "గంజిల ఇంత బొగ్గునుసి కలిపిన. ఒలుకుతదో లేదో చూద్దామని."

గంజి అని తెలిశాక కూడా అతను సీటు దగ్గరికి రాలేదు. కిరాయికి తిప్పుకోవడానికి కొన్న కారు. కొని ఇంకా నెల కాలేదు.

"అసలు డబ్బాల కెల్లి ఒక్క సుక్క పడ్డా, అక్కా, మిమ్ముల మంథని రోడ్డు మీదనే దించేసి వస్త," అన్నాడు.

యేసమ్మకు ఆ రాత్రి అన్నం దిగలేదు. వచ్చే సోమవారం ఆమె భర్త యోనాకు మెడికల్ బోర్డు. ముప్పై ఏళ్లుగా బొగ్గు గని దిగుతున్నాడు. బోర్డు వాళ్లు అన్‌ఫిట్ అని రాస్తే ఆ నౌకరి కొడుకు శాంతిరాజ్‌కు వస్తుంది. ఫిట్ అంటే రాదు. ముప్పై నాలుగేళ్ల కొడుకు బట్టల దుకాణంలో చీరలు మడతపెడుతూ ఉండిపోతాడు. యోనాకు సర్వీసు ఎంతో లేదు. ఇది తప్పితే మళ్లీ పిలుపు రాదు.

పొద్దున లేవగానే పడిన తెమడ తెమ్మని చిన్న సీసా ఇచ్చారు. బోర్డు కూర్చునే పెద్ద దవాఖాన ఐదు గంటల దూరం. యేసమ్మకు ఆ సీసా మీద నమ్మకం కలగలేదు. చెంచాడు చూసి డాక్టర్ ఏం నమ్ముతాడు? ఆమె పాలపొడి డబ్బా తీసి కడిగింది. చూడంగనే ఆయనకు అసహ్యం పుట్టాలని ఆమె పంతం.

పుట్టేట్టే ఉంది. రోజూ తెల్లవారకముందే ఆమె పెరట్లోంచి డబ్బా పట్టుకొని వచ్చేది. ఐదు గంటలకు ఎట్లా మారుతుందో చూడాలని కిటికీలో పెట్టేది. నల్లటి పోగులు, అంచులకు పసుపు, నడుమ సన్నటి నెత్తుటి చార. ఎండెక్కేసరికి మూత మీద ఈగలు ముసిరేవి. ఇల్లంతా కుళ్లిన గుడ్ల వాసన. యోనా దాని వైపు చూసేవాడు కాదు. తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకొని వాకిట్లోకి పోయేవాడు.

శాంతిరాజ్ ఒకసారి మూత తీసి చూశాడు. ఆ రోజు తండ్రితో సరిగ్గా మాట్లాడలేకపోయాడు.

డబ్బా ఒరగకుండా పెట్టే పని అతనే ఎత్తుకున్నాడు. పాత పరుపులోని స్పాంజిని డబ్బా పట్టేంత గుండ్రంగా కోసి కాళ్ల దగ్గర పెట్టాడు. బ్రేక్ వేయగానే స్పాంజితో సహా డబ్బా ముందు సీటు కిందికి జారింది. మళ్లీ గంజి. భూపాల్ ఈసారి తిట్టలేదు, పక్కకు పోయి కక్కుకున్నాడు.

తర్వాతి ఉపాయం యేసమ్మది. అటక మీద యోనా పాత గని హెల్మెట్ ఉంది. దాన్ని బోర్లించకుండా గిన్నెలా పట్టుకొని చూసింది. లోపలి పట్టీల నడుమ డబ్బా అతికినట్టు కూర్చుంది. ముందు సీట్ల తలగడల కడ్డీలకు నాలుగు తాళ్లు కట్టి, రెండు సీట్ల సందులో హెల్మెట్‌ను పసిపిల్లల తొట్టెలలా వేలాడదీశారు. కారు వంగితే తొట్టెల ఊగింది గాని డబ్బా నిటారుగానే ఉంది. గేరు రాడ్డుకు తగులుతుందని భూపాల్ సణిగితే శాంతిరాజ్ తాళ్లు పొట్టి చేశాడు. ఊపు తగ్గడానికి అడుగున సైకిల్ ట్యూబు ముక్క బిగించాడు. ఒలికితే పీల్చుకోవడానికి యేసమ్మ డబ్బా చుట్టూ బూడిద కూరింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఆఖరిసారి నడిపి చూశారు. గుంతల్లో, మలుపుల్లో, సడన్ బ్రేకుల్లో ఒక్క చుక్క గంజి తొణకలేదు.

"దీన్ని చూస్తే వారం దాక నాకు బువ్వ పోదు," అన్నాడు భూపాల్. "గాని తొట్టెల మాత్రం మంచిగ కుదిరిందక్కా."

యేసమ్మకు మాత్రం ధైర్యం రాలేదు. తాడు తెగితే? అక్కడికి పోయేసరికి అంతా నీరైతే? బోర్డు వాళ్ల ముందర యోనాకు దగ్గే రాకపోతే? ఆ సాయంత్రం వెనక షెడ్డులో ఉండే కాంట్రాక్టు కూలి ఎల్లన్నకు రోజూ పంపే గుడ్డు బదులు రెండు గుడ్లు పంపింది. దానం చేస్తే దేవుడు చూస్తాడని శాంతిరాజ్‌తో అంది.

సోమవారం ఐదింటికి కారు క్వార్టర్ ముందుకు వచ్చింది. వెనక కూర్చుంటే డబ్బా మోకాళ్లకు ఆనుతుందని యోనా ముందు సీటు ఎక్కబోయాడు.

"నీ లోపటి కెల్లి వచ్చిందానికి నీకే అసహ్యమా బాపూ," అన్నాడు శాంతిరాజ్ మెల్లగా. "మా కోసమే గదా గింత బొగ్గు మింగినవు."

యోనా తువ్వాలుతో కళ్లు తుడుచుకొని, కొడుకు చూపించిన చోటే కూర్చున్నాడు.

హెల్మెట్‌లో డబ్బా ఇంకా ఖాళీగానే ఉంది. శాంతిరాజ్ భూపాల్‌తో కలిసి డిక్కీ సర్దుతుండగా యేసమ్మ దాన్ని తీసుకొని గబగబా పెరట్లోకి నడిచింది.

గోడ పక్కన ఫస్ట్ షిఫ్టు బట్టల్లో కాచుకొని ఉన్న ఎల్లన్న, ఏ బోర్డూ పిలవని ఆ కాంట్రాక్టు కూలి, డబ్బా అందుకొని, రోజూలాగే దగ్గి దగ్గి దాన్ని నింపి, మూత పెట్టి ఆమె చేతికిచ్చి, గని దిగడానికి పోయాడు.