మైనం చెంబులు

పుట్టిన బిడ్డ ఏడవలేదు.

ఏడో నెలలోనే పుట్టింది. అరచేతిలో ఇమిడిపోయేటంత. కాళ్లు అప్పటికే నీలం తిరిగాయి.

పుష్యమాసం. ఉదయగిరి కొండ మీదినుంచి దిగే గాలి తలుపు సందుల్లోంచి కోస్తా ఉంది. బట్టకు రేషను రోజులు, ఇంట్లో ఉన్న దుప్పటి ఒకటే.

వరలక్ష్మమ్మ మనవరాలి పక్కన కాచిన ఇటుక పెట్టింది. మొదట చురుక్కుమంది, అంతలోనే చల్లబడింది. వేణ్నీళ్ల సీసాలు పెట్టింది. అవీ అంతే.

"ఆత్మకూరు ఆస్పత్రికి తీసకపోదామా అమ్మా?" అంది సుబ్బరత్నమ్మ, మంచం మీంచి లేవలేక.

"ఈ చలిలో బండి దిగేదాకా ఉంటాదా బిడ్డ?"

అల్లుడు మల్లికార్జునం పొగాకు బండ్లతో నెల్లూరు పోయి ఉన్నాడు. కబురు పంపారు గానీ, అది ఎప్పుడు చేరేను?

ఆ మధ్యాహ్నం వాకిట్లో ఒకామె వచ్చి నిలబడింది. చంకలో మూట.

"నెలలు నిండని బిడ్డ పుట్టిందని సంతలో విన్నానక్కా. ఒకసారి చూడనిస్తారా?"

"మందులిస్తావా?"

"మందు గాదు. మైనం."

మూటలోంచి రెండు ఇత్తడి చెంబులు, తేనెమైనం ముద్దలు తీసింది. ముద్దల్ని చెంబులో వేసి, మరిగే నీళ్లల్లో నిలబెట్టింది. అంతా కరిగినాక మూతి బిగించి, గొంగళి ముక్క మడతలు మడతలుగా చుట్టింది. తన చెంపకు ఆనించి చూసుకుని, బిడ్డ కాళ్ల దగ్గర పెట్టింది.

"ఇదీ ఆరిపోయేదే గదా," అంది వరలక్ష్మమ్మ.

"నీళ్ల వేడి మొదట్నించీ జారిపోతా ఉంటాదక్కా. మైనం అట్ల గాదు. కరిగేటప్పుడు తాగిన వేడిని గడ్డకట్టేదాకా పట్టుకోని ఉంటాది. కొంచెం కొంచెంగా, ఒకే మాదిరిగా ఇస్తాది."

పొద్దు వాలేసరికి బిడ్డ కాళ్లు ఎర్రబడ్డాయి. నోరు తెరిచి సన్నగా ఏడ్చింది. సుబ్బరత్నమ్మ కూడా ఏడ్చింది.

మైనం తెచ్చినామె అక్కడే ఉండిపోయింది. ఒక చెంబు గడ్డకట్టేలోగా రెండోది కరిగించేది. పెట్టింది తినేది. పేరడిగితే, "పేరుదేముందిలే అక్కా," అనేది.

దూదితో పిండిన పాలు మింగిన బిడ్డ, మెల్లగా తల్లి రొమ్ము అందుకుంది.

ఒకనాడు మాటల్లో వరలక్ష్మమ్మ అడిగింది.

"ఈ మైనం సంగతి నీకెట్ల తెలిసింది?"

"మా తమ్ముడు తేనె, మైనం బేరం చేస్తాడు. వాడు మైనం కాచి దించిన చట్టి ఎంతసేపటికీ ఆరేది కాదు. అది చూసినాను."

"ముందు ఎవరికన్నా పెట్టినావా?"

"లేదక్కా. అది నేను చూసేసరికే నా బిడ్డలిద్దరూ పోయినారు. ఇట్నే, నెలలు నిండక, చలికాలంలో."

వరలక్ష్మమ్మ బిడ్డను తన ఒళ్లోకి తీసుకుంది. ఇద్దరిని పోగొట్టుకున్న చెయ్యి, ఇన్నాళ్లూ మనవరాలి ఒంటి మీద.

మర్నాడు పొద్దున్నే అనేసింది.

"ఇంక మేము చూసుకుంటాంలేమ్మా. నువ్వు పో."

ఆమెకు అర్థమైంది. బిడ్డ దగ్గరికి కూడా పోలేదు.

"చెంబులు ఉండనీ అక్కా. చలి పొయ్యేదాకా మానొద్దు," అని చెప్పి వాకిలి దిగింది.

"ఎందుకు పంపినావమ్మా?" అంది సుబ్బరత్నమ్మ.

"నీకు తెలియదు, ఊరుకో."

మల్లికార్జునం వచ్చినప్పుడు బిడ్డ హాయిగా నిద్రపోతా ఉంది. భార్య అంతా చెప్పుకొచ్చింది, వచ్చిన మనిషి సంగతి, మైనం సంగతి.

"తమ్ముడు మైనం బేరం చేస్తాడనిందా?"

"ఊ."

"ఇద్దరు బిడ్డలు పోయినారనిందా?"

"ఊ."

అతను బిడ్డ పక్కన కూర్చుని, చుట్టిన గొంగళి మీద చెయ్యి వేశాడు. చాలాసేపు తియ్యలేదు.

"ఎవరు నాయనా ఆమె?" అంది వరలక్ష్మమ్మ.

"ఆ పోయిన బిడ్డలు నా బిడ్డలే అత్తా," అన్నాడు తలెత్తకుండా. "ఆమెని ఇంట్లోంచి పంపేస్తే గానీ మా పిల్లనియ్యమని పెండ్లి మాటలప్పుడు మీరు పట్టుబట్టినారే, ఆ మాలకొండమ్మ."